చిలక మార్కు పెళ్లికూతురు

మా గోదావరి జిల్లాల్లో కాలు విరిగి ఆస్పత్రి మంచం మీద పడుకున్న మనిషిని డాక్టరుగారొచ్చి "ఎలా ఉంది?" అనడిగితే, "ఆయ్, తమరి దయవల్ల బాగానే ఉందండి" అంటాడు. నొప్పెక్కడో చెప్పవయ్యా అంటే, ముందు డాక్టరుగారు కాఫీ తాగారో లేదో కనుక్కుంటాడు. రైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లి, దిగిన ఊళ్లో దొరికిన పుస్తకమల్లా చదువుతూ బతికినవాణ్ణి నేను. మొహమాటాలు రకరకాలవి చూశాను. ఇంత బాగా మాగిన మొహమాటం మాత్రం ఇంకెక్కడా తగల్లేదు. దీనివల్ల లోకానికి ఏం నష్టం జరిగిందో ఎవరూ విచారించలేదు గానీ, ఒక తుపాకుల ఫ్యాక్టరీ కొన్నేళ్లపాటు దారి తప్పిందని నాకు రూఢిగా తెలుసు. దాన్ని మళ్లీ దారిలో పెట్టిన మనిషి పేరు రత్నమాణిక్యం.

తుపాకులంటే కంగారు పడకండి. గాలి తుపాకులు. తీర్థంలో ఓ చివర, రంగులరాట్నానికి ఇవతల, గుడ్డ పందిరి కింద పెద్ద చెక్కకి వరసలు వరసలుగా బుడగలు కట్టి ఉంటాయి చూశారూ, అదీ రత్నమాణిక్యం రాజ్యం. పిఠాపురం శివరాత్రికి, అంతర్వేది కల్యాణానికి, ఆషాఢంలో తుని దగ్గర లోవ తలుపులమ్మ తల్లి జాతరకి, ఎక్కడ నలుగురు పోగైతే అక్కడికి ఆవిడ చెక్కా, బుడగలూ, రెండు తుపాకులూ బయల్దేరేవి. మనిషి గొడుగు ఊచలా ఉండేది. గొంతు మాత్రం రేవు దాటి వినిపించేది. "రండి బాబూ రండి! గురి చూసినవాడు వీరుడు, చూడనివాడు కూడా వీరుడే, బుడగ పగిలితే చాలు!"

నేనావిణ్ణి మొదట చూసింది యానాంలో, తొంభయ్యారులో. అసలు యానాం వెళ్లింది తెడ్లు చెక్కే ఒక ముసలాయన కోసం. ఆయన సంగతి ఇక్కడ చెప్పకపోతే తర్వాత చోటుండదు. పడవవాడు తెడ్డు కావాలని వస్తే ఆయన కొలతలడిగేవాడు కాదు. "కూచో. ఉత్తి చేతుల్తో వెయ్యి" అనేవాడు. పడవవాడు నేల మీద కూర్చుని గాల్లో తెడ్డు వేస్తుంటే, ముసలాయన చుట్ట కాలుస్తూ అతని భుజాలకేసి చూసేవాడు. చుట్ట అయ్యేసరికి కర్ర ఎంచుకునేవాడు. పడవవాడు నాకిది కావాలని నోరు విప్పి చెప్పక్కర్లేదు. అతని భుజాలే చెప్పేసేవి.

ఇప్పుడు అదే తెడ్డు రైలుకి రెండు రాత్రుల దూరంలో తయారైందనుకోండి. అక్కడివాళ్లకి మన భుజాలు కనపడవు. నోరు విప్పాలి. నోరు విప్పడం దగ్గరే కదా మన గోదావరివాళ్లకి చిక్కు!

ఆ సాయంత్రం రేవు ఒడ్డున బుడగల చెక్క చూసి సరదా పుట్టింది. తుపాకీ ఇమ్మన్నాను.

"తుపాకీ నిద్రపోతోందండి," అంది రత్నమాణిక్యం.

"లేపండి మరి."

"లేపేవాడు మా మరిదండి. పనుందని బజార్లోకెళ్లాడు. యానాం బజార్లో మగాళ్లకి ఏం పనుంటుందో తమకి తెలియంది ఏముంది!"

పక్క కొట్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్న హెలెన్ పకపకా నవ్వింది. ఈవిడా తీర్థాల మనిషే. ఆదివారం పొద్దున్న చర్చిలో పాట, మిగతా వేళంతా మూకుడు ముందు. రత్నమాణిక్యానికి ప్రాణస్నేహితురాలు.

గాలి తుపాకీ సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క. దాని గొట్టాన్ని, చెరుకుగడ విరిచినట్టు, మధ్యలో కిందికి వంచాలి. అప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. తెరుచుకున్న చోట చిన్న సీసపు గుండు పెట్టి, గొట్టం మళ్లీ ఎత్తి బిగించి చేతికివ్వాలి. కాల్చడానికి పసిపిల్ల వేలు చాలు. శ్రమంతా ఆ వంచడంలోనే. తీర్థాల్లో ఆ వంచడం కొట్టువాళ్ల పని.

"ఇలా ఇవ్వండి, నేను వంచుకుంటాను," అన్నాను ధీమాగా.

మోకాలికి ఆనించి బలంగా నొక్కాను. గొట్టం వంగలేదు, నేనే వంగాను. హెలెన్ పరుగున వచ్చి నడుం పట్టుకుని లేపింది. "కూచోండి బాబుగారూ, బజ్జీ తినండి. మీ వయసుకి అదే తుపాకీ," అంది.

అలా మొదలైంది మా స్నేహం.

రత్నమాణిక్యం చిన్నప్పుడు జీడిమామిడి చెట్టు మీంచి పడి ఎడం మణికట్టు విరగ్గొట్టుకుంది. నాటుకట్టు కట్టారు. ఎముక అతుక్కుంది, బలం మాత్రం తిరిగి రాలేదు. మొగుడు బుల్లిరాజు ఉన్నన్నాళ్లూ ఆ లోటు తెలియలేదు. ఆయన వంచేవాడు, ఈవిడ కేకలేసేది. ఆయన పోయాక తమ్ముడు గంగరాజు వచ్చి ఆ పని అందుకున్నాడు. ఎద్దు మెడ, గుబురు మీసం. తుపాకీ వంచేటప్పుడు నలుగురూ చూస్తున్నారో లేదో ఓసారి కళ్లెత్తి చూసి మరీ వంచేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ వంచడం ఒక్కటే తన గొప్ప అని నమ్మినవాడు. అది లేకపోతే వదిన కొట్టు నడవదని ఆవిడకంటే బాగా తెలిసినవాడు. అతను అలిగిన రోజున, యానాం చవక మందు కొట్లలో చిక్కుకున్న రోజున తుపాకీ నిద్రపోయేది. రత్నమాణిక్యం బుడగల్ని కాల్పించకుండానే పసిపిల్లలకి అమ్ముకునేది.

కూలికి ఇంకో మనిషిని పెట్టుకోవచ్చుగా అంటారేమో. పెట్టి చూసింది. వాడు పొద్దున్నించీ సాయంత్రం దాకా తనే కాల్చుకుంటూ కూర్చున్నాడు. రెండోవాణ్ణి పెట్టింది. వాడు గుండు పెట్టిస్తానంటూ ఆడపిల్లల భుజాల మీదకి వంగుతుంటే చెప్పు తీసి తరిమింది. ఆడవాళ్లు ఆవిణ్ణి చూసి ఆగుతారు, తుపాకీ చూసి ముచ్చట పడతారు, వంచి ఇచ్చే మగాణ్ణి చూసి గాజుల కొట్టుకి పోతారు. "సగం తీర్థం నా ముందు నుంచే వెళ్లిపోతుందండి, చూస్తూ కూచుంటాను," అనేది.

అప్పట్లో తీర్థాల తుపాకులన్నీ చిలక మార్కువే. చెక్క పిడి మీద చిన్న చిలక బొమ్మ ముద్ర ఉండేది. ఇంకో రెండు కంపెనీల సరుకు వచ్చేది గానీ అవి మరీ బిరుసు. చిలక మార్కు కూడా మొదట్లో నయం. ఏటికేడాదీ బిరుసెక్కుతూ వచ్చింది. ఎందుకంటారా? పట్నాల్లో గాలి తుపాకీ కొనుక్కుని డాబా మీద డబ్బాలు కొట్టే బాబులు కంపెనీకి ఉత్తరాలు రాస్తారు. "పవర్ చాల్లేదు, ఇంకా పవర్ కావాలి" అని. కంపెనీ పాపం మంచిదే! అడిగినవాళ్లకి అడిగినట్టు చేసి పెట్టేది. అడగనివాళ్లకి కూడా అదే అంటగట్టేది. బుడగ పగలడానికి ఏనుగు బలం దేనికండీ? గట్టిగా చూస్తే పగిలేది బుడగ. కానీ ఆ ముక్క చెప్పినవాడెవడూ?

చెప్పే అవకాశం రాలేదా అంటే, వచ్చింది. ఆ మరుసటేడు కంపెనీవాళ్లు సత్యప్రసాద్ అనే కుర్రాణ్ణి పంపించారు. వాడేవాళ్ల కష్టసుఖాలు కనుక్కు రమ్మని. గుంటూరు వైపు వాడు, మెడలో టై, మొహంలో భయం. రాజమండ్రి మెయిన్ రోడ్డులో చిలక మార్కు అమ్మే పల్లంరాజుగారు తీర్థాల కొట్లవాళ్లందర్నీ తన ఇంటికి పిలిపించారు. నన్ను ఎవరూ పిలవలేదు. రత్నమాణిక్యం పెట్టె మోసే సాకుతో నేనూ దూరాను. భోజనం వాసన వీధిలోకి వస్తోంది మరి.

పల్లంరాజుగారింట్లో అతిథి కాళ్లు కడుక్కోగానే విస్తరి వేస్తారు. పనసపొట్టు కూర, కొరమేను పులుసు, గడ్డపెరుగు, చివర్న పూతరేకులు. సత్యప్రసాద్ ఆవపెట్టిన కూర ఘాటుకి ముక్కు ఎగబీలుస్తూనే పెరుగు దాకా వచ్చి, "చెప్పండి. మా తుపాకీలో ఏమైనా లోపాలున్నాయాండీ?" అన్నాడు.

పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఇంటికొచ్చినవాడు, విస్తరి ముందు కూర్చున్నవాడు! అతని వస్తువుకి వంకపెట్టడమా?

"అబ్బే! భలేవారండి!" అన్నాడు ఒకాయన.

"లోపమా! బంగారమండి!" అన్నాడు ఇంకొకాయన. ఆయన తుపాకీ అప్పటికి మూడు నెలలుగా అటక మీద ఉంది.

సత్యప్రసాద్ రత్నమాణిక్యం వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

ఆవిడ ఎడం మణికట్టుకి సున్నం, పసుపు పట్టు వేసి ఉంది. ముందు రోజు మరిది లేకపోతే మొండికేసి వంచబోయిన ఫలితం అది. ఆ చేతిని కొంగు కిందికి లాక్కుని, "దివ్యంగా ఉందండి. ఇంకో పూతరేకు వేసుకోండి," అంది.

బయటికొచ్చాక నేను కోప్పడితే, "ఎలా చెప్పనండీ? ఆ అబ్బాయి పెరుగు కలుపుకుంటున్నాడు!" అంది.

సత్యప్రసాద్ పొట్ట నిమురుకుంటూ రైలెక్కి, గోదావరి జిల్లాల్లో అందరూ పరమ సంతోషంగా ఉన్నారని యజమానికి చెప్పాడు. కంపెనీ ఉత్సాహపడి మరో కొత్త మోడల్ వదిలింది. పేరు మహాబలి. దాన్ని వంచేసరికి గంగరాజుకి కూడా మెడ నరాలు ఉబ్బాయి. అతను మాత్రం పరమానందపడ్డాడు. ఈ తుపాకీ వచ్చాక తను లేనిదే చీమ కూడా కదలదు.

మరుసటేడు అంతర్వేది తీర్థంలో గుడారం విప్పుతూ గంగరాజు మాట బయటపెట్టేశాడు. "వదినా, ఆషాఢానికి లోవలో నేనే కొట్టు వేసుకుంటాను. మహాబలి నీ వల్ల కాదు, పాతవి అరిగిపోయాయి. జాగా నా పేర రాయించుకుంటున్నాను. నువ్వు హాయిగా హెలెనమ్మతో కలిసి బజ్జీలు వేసుకో."

"నేను వంచితేనో?" అంది రత్నమాణిక్యం.

"నువ్వు వంచితే నా మీసం తీసేస్తాను."

"మీసం నాకెందుకు? కూరలోకా? నేను వంచితే జాగా వదిలేస్తావా?"

"వదిలేస్తాను. ఆ పైన నువ్వు చెప్పిన పని చేస్తాను కూడా," అన్నాడు గంగరాజు, నవ్వాపుకుంటూ.

అలా లోవ జాతరకి గడువు పడింది. నలుగురూ తనవైపు చూసేలా కేకలేసి నిలబడే ఆ పందిరి తప్ప, రత్నమాణిక్యానికి వేరే బతుకు తెలియదు. హెలెన్ బజ్జీలు పంచుకోవడానికి సిద్ధమే. "దీనికి శనగపిండి కలపడం కూడా రాదండి, ఆ కేకలకి నా మూకుడు చిల్లు పడుతుంది," అని మాత్రం నాతో చెప్పుకుంది.

శివరాత్రికి పిఠాపురంలో కుక్కుటేశ్వరుడి గుడి వీధి కిటకిటలాడుతోంది. మధ్యాహ్నం పూట మళ్లీ దిగాడు సత్యప్రసాద్. టై లేదు. మొహం పీక్కుపోయి ఉంది. రత్నమాణిక్యం ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుంది. నోరు తెరిచింది కూడా. ఇంతలో హెలెన్ అలవాటు కొద్దీ ఒక ప్లేటు బజ్జీలు అతని చేతిలో పెట్టేసింది. ఇంకేముంది! అతిథి అయిపోయాడు. రత్నమాణిక్యం తెరిచిన నోరు, "ఉల్లిపాయ ముక్కలు వెయ్యనాండీ?" అని మూసేసింది.

సత్యప్రసాద్ బజ్జీ కొరక్కుండా దిగాలుగా కూర్చున్నాడు. "అమ్మా, మా ఓనరు నన్ను నమ్మడం మానేశాడండి. ఈ జిల్లాల్లో మహాబలి పట్టుమని పది కూడా అమ్ముడుపోలేదు. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. అందరూ బాగుందంటారు, ఎవరూ కొనరు. ఇదెక్కడి మాయరా అని నన్ను తిట్టి పంపించాడు. కాళ్లు పట్టుకుంటాను, ఒక్క వంక చెప్పండి!"

కొట్లవాళ్లంతా చుట్టూ చేరారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఎదురుగా మనిషి బజ్జీ పట్టుకుని కూర్చున్నాడు కదా!

అప్పుడు రత్నమాణిక్యం కళ్లు ఒక్కసారి మెరిశాయి.

"బాబూ, తమకి పెళ్లయిందాండీ?"

"అయిందమ్మా," అన్నాడతను కంగారుగా.

"మీ పెళ్లిలో మీవాళ్లు ఆడపెళ్లివారికి వంకలు పెట్టారా?"

"పెట్టకపోతే ఎలాగండి? ఉప్మాలో జీడిపప్పు లేదని మా బాబాయి, కాఫీ చల్లారిందని మా పెద్దత్త..."

"ఉప్మా తింటూనే అన్నారా, తిన్నాకా?"

"తింటూనేనండి."

"అదీ!" అంది రత్నమాణిక్యం తొడ చరిచి. "ఏవండోయ్, అందరూ కూచోండి. ఇప్పుడు మనం మగపెళ్లివారం. ఈ అబ్బాయి ఆడపెళ్లివారు. చిలక మార్కు పిల్లని మనకిచ్చారు. హెలెనూ, తుపాకీకి కాస్త బొట్టు పెట్టవే!"

నేను ఎన్నో దేశాల చట్టాలు చదివాను. మాట్లాడే స్వేచ్ఛ గురించి పెద్దలు రాసిన గ్రంథాలు తిరగేశాను. మన విడిదింట్లో మగపెళ్లివారికున్న స్వేచ్ఛ ముందు అవన్నీ దిగదుడుపే. ఎదుటివాడి ఉప్పు తింటూ, ఎదుటివాడి పరుపు మీద కూర్చుని, ఎదుటివాడిదే తప్పని చెప్పే హక్కు లోకంలో ఇంకెవరికుంది? అది తప్పు కాదు, మర్యాద. వంక పెట్టకపోతే ఆడపెళ్లివారే కంగారుపడతారు, వీళ్లకి ఈ సంబంధం ఇష్టం లేదేమోనని!

హెలెన్ నిజంగానే బజ్జీల కారం వేళ్లతో మహాబలికి ఎర్రగా ఒక బొట్టు పెట్టింది. దాన్ని రెండు కుర్చీల మీద పడుకోబెట్టారు. అంతే, గేటు ఎత్తిన కాలవలా వచ్చిపడ్డాయి వంకలు.

"పెళ్లికూతురికి పసుపే పూయలేదేంటండీ? మరీ ఇంత బోసిగానా?"

"మెడలో ఇసుమంత నగ లేదండి! ఇత్తడిదైనా పెట్టలేకపోయారా?"

"బరువండీ బాబూ! మా చిన్నవాడు ఎత్తుకోబోయి మూడ్రోజులు లేవలేదు!"

"అటు చూడమంటే ఇటు చూస్తుందండి! ఎర్ర బుడగకి గురి పెడితే పక్క వరసలో పచ్చది పగుల్తుంది!"

"గొంతు లేదండి! టుస్సుమంటుంది. ఠాప్‌మని మోగకపోతే కాల్చినవాడికి కాల్చినట్టెలా ఉంటుందీ?"

అంతర్వేది సవాలు మర్చిపోయి గంగరాజు కూడా ఊగిపోయాడు. మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. "ఇంకోటండి! పిల్లకి నోరు వదులు! భుజాన వేసుకుంటే చాలు, గొట్టం దానంతటదే ఇంత తెరుచుకుని వేలాడుతుంది. తీరా వంచబోతే అక్కడే బిగుసుకుంటుంది. ఆ నోటికి ఓ తాళం వేయించండి ముందు!"

సత్యప్రసాద్ మొహం వెలిగిపోతోంది. ఒక చేత్తో బజ్జీ, ఒక చేత్తో కలం. "చిత్తం, చిత్తం! క్షమించాలి బావగారూ! అలాగే బావగారూ!" అంటూ ఆడపెళ్లివారి వేషంలో ఒదిగిపోయాడు. గుడికి పోయే జనం ఆగి చూస్తున్నారు. ఎవరో మేళగాళ్లు అటుగా పోతూ, విషయం ఏమిటో తెలియకపోయినా, ఒక మంగళవాద్యం వాయించి మరీ వెళ్లారు.

అన్నీ అయ్యాక రత్నమాణిక్యం లేచింది. పెళ్లికొడుకు తల్లి లేస్తే పందిట్లో అందరూ నోరు మూసుకుంటారు కదా, అలాగే మూసుకున్నారు.

"అన్నయ్యగారూ, పసుపు పూయకపోయినా సర్దుకుంటాను. నగలు పెట్టకపోయినా సర్దుకుంటాను. మీ పిల్ల నడుం వంచదండి. నేనెంత బతిమాలినా, ఎంత నొక్కినా వంచదు. మగాడొచ్చి మెడలు వంచితే గానీ కదలదు. మా ఇంటికొచ్చిన కోడలు నాకు నడుం వంచకపోతే నేనెలా బతకనండీ?"

అందరూ ఘొల్లుమని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కొంగు కింద నుంచి ఎడం చెయ్యి తీసి అతని ముందు పెట్టింది. మణికట్టు కమిలి, రెండో దానికంటే లావుగా ఉంది.

సత్యప్రసాద్ ఆ చేతికేసి చాలాసేపు చూశాడు. యానాం ముసలాయన భుజాలకేసి చూసినట్టు. తర్వాత బజ్జీ ప్లేటు కింద పెట్టి, "ఇన్నాళ్లూ దివ్యంగా ఉందన్నారు కదమ్మా!" అన్నాడు.

"మీరు భోంచేస్తున్నారు కదండీ!" అంది రత్నమాణిక్యం.

ఇక లోవ. ఆషాఢంలో ఆదివారం వస్తే తుని నుంచి లోవ కొండ దాకా దారంతా జనమే. బస్సుల్లో, లారీల్లో, ట్రాక్టర్లలో, చంకలో కోడి, నెత్తిన గిన్నె, తల్లికి మొక్కు తీర్చుకుని కొండకింద పొయ్యి పెట్టి వండుకు తినిపోతారు. ఎటు చూసినా పొగ, మసాలా వాసన, కోళ్ల గోల. రత్నమాణిక్యం పొద్దున్నే చెక్క నిలబెట్టి బుడగలు కట్టింది. తుపాకీ లేదు. లోవ జాతర నాటికి కొత్త పిల్లని తెస్తానని సత్యప్రసాద్ శివరాత్రినాడే మాటిచ్చి వెళ్లాడు. గంగరాజు తన మహాబలిని భుజాన వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. జాగా ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషిలా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"కంపెనీవాడు రాడు వదినా. మగపెళ్లివారి మాటలు ఆడపెళ్లివారు ఊరు దాటగానే మర్చిపోతారు."

"నాకు పెళ్లి చేసినప్పుడు మా నాన్న మర్చిపోలేదు. మీ ఇంటికి పందిరిమంచం పంపేదాకా మీ అమ్మ మర్చిపోనిచ్చిందా?" అంది రత్నమాణిక్యం. అంటున్నా, కళ్లు మాత్రం బస్సుల వైపే ఉన్నాయి.

ఎండ ఎక్కాక బస్సు దిగాడు సత్యప్రసాద్, పొడుగాటి అట్టపెట్టెతో. వస్తూనే, "ఆలస్యమైంది వదినగారూ, పిల్లని ముస్తాబు చేసేసరికి!" అని అరిచాడు. అసలు జరిగిందేమిటంటే, చిలక మార్కు యజమాని ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేసినవాడట. సత్యప్రసాద్ పిఠాపురం భోగట్టా చెప్పడం మొదలుపెట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. "పవర్ కావాలని ఉత్తరం రాసినవాడు వట్టి కొనుగోలుదారుడు. వీళ్లు మగపెళ్లివారు! ఒక్క వంక మిగిల్చినా మన పరువు పోతుంది," అని స్వయంగా షెడ్డులోకి దిగాడట. నాకు ఆ యజమానితో ఓ పూట కూర్చోవాలనిపించింది.

పెట్టె విప్పారు. చుట్టూ మూగిన జనం "ఓహో!" అన్నారు. చెక్క పిడి పసుప్పచ్చగా మెరిసిపోతోంది. గొట్టానికి మూడు ఇత్తడి కడియాలు. చిలక బొమ్మకి పైకి పొడుచుకొచ్చిన ఎర్రటి ముక్కు. గొట్టం, తేలిగ్గా వంచడానికి పట్టు దొరికేలా, మునుపటికంటే జానెడు పొడవు, బరువు మాత్రం సగం.

"ఏంటిది, తుపాకీయా, పెళ్లి కావిడా?" అన్నాడు గంగరాజు. లోపల ఎక్కడో ఉలిక్కిపడ్డాడని మీసం చెబుతూనే ఉంది.

రత్నమాణిక్యం చీర కుచ్చిళ్లు దోపుకుంది. కొండ వైపు తిరిగి తలుపులమ్మ తల్లికి ఓ దండం పెట్టింది. తుపాకీ మోకాలికి ఆనించి, ఎడం చెయ్యి గొట్టం మీద వేసి నొక్కింది.

కదల్లేదు.

మళ్లీ నొక్కింది. ఈసారి రెండు చేతులతో. రవ్వంత కూడా కదల్లేదు. సత్యప్రసాద్ మొహం బజ్జీపిండిలా పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు గానీ జనం గోలలో, కోళ్ల గోలలో ఎవరికీ వినపడలేదు. గంగరాజు నెమ్మదిగా లేచి, ఒళ్లు విరుచుకుని, "ఇలా ఇయ్యి వదినా," అన్నాడు. లాక్కుని తన మోకాలికేసి వంచాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొహం ఎర్రబడింది. అతనికీ వంగలేదు!

"ఇదేం పిల్లరా బాబూ, అసలు నోరే విప్పదు!" అన్నాడు రొప్పుతూ.

ఆ మాట వినగానే హెలెన్ మూకుడు వదిలి పరుగెత్తుకొచ్చింది. "నోరు వదులు, తాళం వేయించమన్నది ఎవరయ్యా? నువ్వే కదూ?"

"అదేనండి! అదే చెప్పబోతున్నాను!" అని ఆ గోలని మించి అరిచాడు సత్యప్రసాద్. "చిలక ముక్కు! ముక్కు నొక్కాలండి! ఆ బావగారు అడిగారని పెట్టించాం!"

రత్నమాణిక్యం తుపాకీ వెనక్కి తీసుకుంది. గంగరాజు కేసి ఓసారి చూసింది. చిలక ఎర్ర ముక్కు మీద బొటనవేలు వేసి నొక్కింది. టిక్కుమంది. ఆ పైన రెండు వేళ్లతో, తమలపాకుల పెట్టె మూత తెరిచినట్టు, గొట్టం కిందికి వంచేసింది. విరిగిన చెయ్యి వేళ్లతోనే.

గుండు పెట్టింది. ఎత్తింది. ఇన్నేళ్లుగా ఊరందరి చేతా కాల్పించిన మనిషి, మొదటిసారి తన తుపాకీ తను కాల్చింది. ఠాప్! కొండ మారుమోగింది. ఎర్ర బుడగకే గురి పెట్టింది, ఎర్ర బుడగే పగిలింది. అవతల పొయ్యి దగ్గర ఎవరిదో కోడి తాడు తెంపుకుని పారిపోయింది.

"రండమ్మా రండి!" అంది రత్నమాణిక్యం, ఆ గొంతుతో. "ఈ వేళ మగాళ్లు పక్కకి తప్పుకోండి! వంచేదీ ఆడదే, ఇచ్చేదీ ఆడదే!"

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత గొల్లప్రోలు వైపు నుంచి వచ్చిన ఓ బామ్మ, పట్టుచీర, చంకలో కోడిపెట్ట, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చుట్టూ చూసి, దగ్గర్లో ఖాళీగా ఉన్నవాడు గంగరాజొక్కడే కనపడితే, "బాబూ, కాస్త పట్టుకో," అని కోడిని అతని చేతుల్లో పెట్టి తుపాకీ అందుకుంది. ఠాప్! బుడగ పగల్లేదు. బామ్మ మాత్రం పడీపడీ నవ్వింది. "ఇంకోసారి ఇయ్యవే!" అంది. వెనకాల ఆవిడ కోడళ్లు. వాళ్ల వెనక ఎవరో తెలియని ఆడవాళ్లు, పూజ బుట్టలతో, చంటిపిల్లలతో, కోళ్లతో. గాజుల కొట్టువాడు తన ముందు ఎవరూ లేకపోయేసరికి లేచొచ్చి ఏం జరిగిందని నన్నడిగాడు. పెళ్లి అన్నాను.

సత్యప్రసాద్‌కి హెలెన్ బజ్జీల ప్లేటు ఇచ్చింది. అతను దాన్ని దూరంగా పట్టుకుని, "వంకలేమైనా ఉంటే ముందు చెప్పండమ్మా, తర్వాత తింటాను," అన్నాడు. వెంటనే నాలుగు వైపుల నుంచీ నాలుగు వంకలు వచ్చాయి. బామ్మకి పసుపు రంగు చేతికి అంటిందట. అతను ఆనందంగా అన్నీ విని, అప్పుడు బజ్జీ కొరికాడు. పల్లంరాజుగారింటి పంక్తిలో కూడా అతని మొహం అంత కళగా లేదు.

గంగరాజు మహాబలి నేల మీద పడి ఉంది. అతని కుడి చంకలో ఒక కోడి, ఎడమ చంకలో రెండు, కాళ్ల దగ్గర ఒక పుంజు, మెడలో ఎవరిదో చేతిసంచి. జాగా అడగడానికి వచ్చిన మనిషికి కదిలే జాగా లేదు.

"చెప్పిన పని చేస్తానన్నావుగా మరిదీ!" అని కేకేసింది రత్నమాణిక్యం, ఒక పక్క తుపాకీ వంచుతూనే. "లోవలో వేరే కొట్టు పెట్టుకుంటానన్నావు కూడానూ. ఇదిగో, అమ్మవారే పెట్టించింది. చక్కగా నడుస్తోంది నీ కోళ్ల కొట్టు!"

గంగరాజు మీసంలో ఒక ఈక ఇరుక్కుంది. తీసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఉఫ్, ఉఫ్ అని ఊదుకుంటూ, పరిగెత్తబోయిన పుంజుని కాలితో అదిమిపట్టి, అరిచాడు.

"అది కాదు వదినా! ఎవరి కోడి ఏదో మర్చిపోయాను!"